ఆటలో అరటిపండా, అసలైన ఆటగాడా?

ఆడేవాడు: పాచికలు ఏమిస్తే అది రాసుకుని ఆడాలి, అంతే. మూడు పాచికలు ఆరుసార్లు వేస్తాం. బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, కరిజ్మా... ఒక్కోదానికి 3 నుంచి 18 లోపు ఒక అంకె పడుతుంది. 5 పడితే 5. ‘అయ్యో, మళ్లీ వేసుకో’ అన్నామంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో రావాల్సిన ఒక మంచి కథని పుట్టకముందే చంపేసినట్టు. అందరూ వీరులే అయ్యాక ఇక వీరత్వానికి విలువేముంది?

ఆడించేవాడు: వినడానికి బాగానే ఉంది. కానీ ఆ 5తో వారం వారం, ఏడాది పొడుగునా కాపురం చేసేది నువ్వొక్కడివే కాదు. పక్కన మరో నలుగురు ఆడేవాళ్లుంటారు, బల్లకి ఈ చివర డంజన్ మాస్టర్‌గా నేనుంటాను. పైగా అది ఎప్పుడో అరుదుగా పడే అంకె కూడా కాదు. మూడు పాచికల మీద 5 గానీ అంతకన్నా తక్కువ గానీ పడే అవకాశం 216లో 10. ఆరు స్కోర్లలో కనీసం ఒకటి అలా పడే అవకాశం దాదాపు నాలుగోవంతు. అంటే నలుగురు కూర్చుంటే, సగటున ఒకడి కాగితం మీద అలాంటి అంకె ఉంటుంది.

ఆడేవాడు: ఆ ఒక్కడే నాక్కావాలి. బలం 3 ఉన్న ఒక విజార్డ్‌ని, అంటే మంత్రగాణ్ని, తీసుకో. 2014 నాటి ఐదో ఎడిషన్ ప్రకారం, బలం స్కోరుని 15తో హెచ్చవేస్తే ఎన్ని వస్తే అన్ని పౌండ్లు మోయగలడు. మనవాడు మోసేది 45 పౌండ్లు, ఇరవై కిలోల పైచిలుకు. ప్రయాణికుడి కోసం పుస్తకం ఇచ్చే సామాను మూట ఉంది చూడు. అందులో పక్కబట్టల చుట్ట, తినే గిన్నె, నిప్పు రాజేసే పెట్టె, పది కాగడాలు, పది రోజుల తిండి, నీళ్ల తిత్తి, యాభై అడుగుల తాడు ఉంటాయి. సంచితో కలిపి 59 పౌండ్లు. వీడు ఎత్తలేడు. ఏడు రోజుల తిండి తీసేస్తే సరిగ్గా 45కి దిగుతుంది. కానీ మంత్రాల పుస్తకం ఇంకా బయటే ఉంది, అది మూడు పౌండ్లు. ఇప్పుడేం వదలాలి? తాడా? కాగడాలా? బలం 16 ఉన్నవాడికి ఈ ప్రశ్నే రాదు. ఒక్క రాక్షసుడూ ఎదురుపడకుండానే వీడికి ఆట మొదలైపోయింది.

ఆడించేవాడు: బల్ల దగ్గర నిజంగా ఏం జరుగుతుందో నన్ను చెప్పనీ. ‘మా ఫైటర్ మోస్తాళ్లే’ అంటాడు ఎవడో. ఒక్క మాటతో నీ ప్రశ్న గాల్లో కలిసిపోతుంది, ఆ బరువు పక్కవాడి కాగితం మీదికి పోతుంది. నేననేది అదే. నీ లోటు నువ్వు మొయ్యవు, ఇంకొకడు మోస్తాడు. సరే, బలం వదిలేయ్. దేహదారుఢ్యం 3 తీసుకుందాం. దానికి మైనస్ 4. మొదటి లెవెల్ విజార్డ్‌కి ప్రాణాన్ని కొలిచే హిట్ పాయింట్లు 6 ఉండాలి, నాలుగు పోగా మిగిలేవి రెండు. గోబ్లిన్ అంటే ఈ ఆటలోని చిల్లర శత్రువుల్లో ఒకటి. దాని కత్తి దెబ్బ ఆరు ముఖాల పాచిక మీద పడిన అంకెకి రెండు కలిపినంత. 1 పడినా 3 అవుతుంది, నీవాడు నేలకూలతాడు. 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే, మిగులు దెబ్బ వాడి మొత్తం హిట్ పాయింట్లకి సమానమో ఎక్కువో అవుతుంది కాబట్టి 2014 నిబంధనల్లో అక్కడికక్కడే చావు. అంటే తగిలిన ఆరు దెబ్బల్లో అయిదు ప్రాణం తీసేవే. ఇందులో కథ ఎక్కడుంది?

ఆడేవాడు: దేహదారుఢ్యం 3 దగ్గర నేను తగ్గుతాను. నిర్ణయాలనిచ్చే లోటు వేరు, చావు తప్ప ఇంకేమీ ఇవ్వని లోటు వేరు. రెండోదాన్ని నేనూ సమర్థించను. కానీ ఆ ఒక్కటీ చూపించి మిగతా అయిదింటినీ కొట్టెయ్యకు.

ఆడించేవాడు: పాచికలకి ఆ తేడా తెలీదు కదా! ఈ ఆట రాసినవాళ్లకి తెలుసు. గ్యారీ గైగాక్స్ 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో, క్యారెక్టర్ బతికి బట్టకట్టాలంటే కనీసం రెండు స్కోర్లు 15కి తగ్గకుండా ఉండటం సాధారణంగా అవసరమని రాశాడు. మరుసటేడాది వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లో నాలుగు పాచికలు వేసి చిన్నది తీసేసే పద్ధతి పెట్టాడు. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన బేసిక్ పుస్తకంలో ఏకంగా ‘పనికిరాని క్యారెక్టర్ల’ గురించి ఒక పేరా ఉంది. అలాంటివాణ్ని ఇంటి దగ్గరే వదిలేసి కొత్తవాణ్ని తయారుచేసుకునే వీలు మాస్టర్‌కి ఇచ్చాడు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్, అన్నిటికన్నా పెద్ద స్కోరు 13 దాటకపోతే మొత్తం మళ్లీ వేసుకోమంది. ఆట రాసినవాళ్లే తప్పించుకునే దారులు కడుతూ వచ్చారు. నువ్వు వాళ్లకన్నా ఛాందసుడివైపోతే ఎలా?

ఆడేవాడు: నువ్వు 1978 నుంచి మొదలుపెట్టావు. నాలుగేళ్లు వెనక్కి పోదాం. గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన మొదటి పుస్తకాల్లో బలం 6 ఉన్న యోధుడికి ఏమయ్యేది? కత్తి దెబ్బ తగ్గేదా? లేదు. అనుభవం పాయింట్లు ఇరవై శాతం తక్కువ వచ్చేవి, కొంచెం ఆలస్యంగా ఎదిగేవాడు. కరిజ్మా తక్కువైతే వెంట నడిచే మనుషులు తగ్గేవాళ్లు. తక్కువ స్కోరు అప్పట్లో మనిషి ఎలాంటివాడో చెప్పేది, మరణశిక్ష వేసేది కాదు. 1975లో గ్రేహాక్ అనుబంధం వచ్చి బలానికి దెబ్బలో, గురిలో వాటా పెంచింది. అక్కణ్నుంచి అంకెలు బరువెక్కాయి. అంకెలు బరువెక్కాక పెద్ద అంకెలు లేకపోతే బతకలేని పరిస్థితి వచ్చింది, దానికి నాలుగు పాచికల పద్ధతి వచ్చింది. రోగం ఆటకి తగులుకుంటే నువ్వు క్యారెక్టర్‌కి ఆపరేషన్ చేస్తానంటున్నావు.

ఆడించేవాడు: చరిత్ర విషయంలో నీతో పేచీ లేదు. 1974లో 6కి భయపడాల్సిన పని లేదు, ఒప్పుకున్నాను. కానీ మనం ఆడేది ఇవాళ్టి ఆట. ఇవాళ ప్రతి పనికీ ఇరవై ముఖాల పాచిక వేసి, స్కోరు నుంచి వచ్చే కూడికో తీసివేతో చేసుకోవాలి. 15 అందుకోవాల్సిన ఒక మామూలు పరీక్ష తీసుకో. స్కోరు 18 ఉన్నవాడు సగం సార్లు గట్టెక్కుతాడు. 3 ఉన్నవాడు పదింట ఒక్కసారి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, ఒకే సాయంత్రం. ఒకడు తలుపు బద్దలుకొడతాడు, రెండోవాడు చూస్తూ కూర్చుంటాడు. చిన్నప్పుడు వీధిలో ఆడేటప్పుడు పక్కింటి బుడ్డోణ్ని ఏడవకుండా కలుపుకునేవాళ్లం, గుర్తుందా? ఆటలో అరటిపండు. ఆరు నెలలు అలా కూర్చోమని ఒక పెద్దమనిషికి ఎలా చెప్పను?

ఆడేవాడు: అరటిపండుని ఎవరూ ఔట్ చెయ్యరు, వాడి పరుగులూ లెక్కలోకి రావు. నావాణ్ని అందరికన్నా ముందు ఔట్ చేస్తారు, వాడు గెలిస్తే ఆ గెలుపు లెక్కలోకి వస్తుంది. వీడిక్కడ పూర్తి ఆటగాడే. లెక్కలే కావాలంటే ఇదీ విను. ప్లస్ 4 ఉన్నవాడితో మైనస్ 4 ఉన్నవాడు నేరుగా తలపడితే, నూటికి పదహారు సార్లకి పైగా చిన్నవాడే నెగ్గుతాడు. ఆ పదహారు సార్లలో ఒక్కసారి చాలు, ఆ గుంపు దాని గురించి ఏళ్ల తరబడి చెప్పుకోవడానికి. 18 ఉన్నవాడు తలుపు బద్దలుకొట్టిన సంగతి ఎవడికి గుర్తుంటుంది?

ఆడించేవాడు: మిగతా ఎనభై నాలుగు సార్లు వాడు ఇంటికి ఎలా వెళ్లాడో కూడా చెప్పు. చాలామంది ఏం చేస్తారో నీకూ తెలుసు. రెండో వారానికే వాణ్ని తీసుకెళ్లి డ్రాగన్ నోట్లో పెడతారు, పీడ వదిలిందని కొత్త షీట్ తీస్తారు. పాచికలకి కట్టుబడతాం అని ప్రమాణం చేసి, క్యారెక్టర్ ఆత్మహత్యతో ప్రమాణం తప్పుతారు. దానికన్నా మొదట్లోనే మళ్లీ వేసుకోనివ్వడం నిజాయితీ కాదూ?

ఆడేవాడు: ఆ మాట నిజమే. బలవంతంగా అంటగడితే అదే జరుగుతుంది. కానీ నువ్వు బదులుగా పెట్టే పద్ధతి సంగతి చూద్దాం. పాయింట్ బై, అంటే పాయింట్లతో స్కోర్లు కొనుక్కోవడం. ఒక్కొక్కరికి 27 పాయింట్లు. ఏ స్కోరూ 8కి తగ్గదు, అదనాలు కలపకముందు 15కి మించదు. ఏమవుతుంది? ప్రతి విజార్డ్‌కీ తెలివి 15, బలం 8. ప్రతి బార్బేరియన్‌కీ బలం 15, తెలివి 8. ఎవరికి ఏది పనికిరాదో అక్కడే లోటు పెట్టుకుంటారు. డంప్ స్టాట్ అని దానికో పేరు కూడా ఉంది. ఆ 8కి పడే జరిమానా మైనస్ 1, అంటే నూటికి అయిదు. అదీ ఎప్పుడూ వాడని చోట. నొప్పి తెలియని చోట గాయం పెట్టుకుని ‘నాకూ బలహీనతలున్నాయి’ అనడమది. పాచిక మాత్రం నొప్పెట్టే చోటే కొడుతుంది. అందుకే అది నిజం.

ఆడించేవాడు: ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. నా దగ్గరకొచ్చే షీట్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, కాదనను. పేర్లు మార్చితే ఎవరి కాగితం ఎవరిదో తెలీదు. అయినా అక్కడ అన్యాయం లేదు. ఎవడూ పక్కవాడి కాగితం చూసి ‘వీడికే ఎందుకిలా పడింది’ అని ఏడాది పొడుగునా లోలోపల కుమిలిపోడు.

ఆడేవాడు: అన్యాయం లేకుండా తక్కువ స్కోర్లతో ఆడించే ఆట ఉంది. 2012లో గుడ్‌మన్ గేమ్స్ తెచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్. ఒక్కో ఆటగాడికి కనీసం ముగ్గురు సున్నా లెవెల్ మనుషులు. రైతో, చర్మకారుడో, మరుగుదొడ్డి గుంటలు ఎత్తిపోసేవాడో. మూడు పాచికలు, పడిన వరసలోనే స్కోర్లు, మార్పుల్లేవు. అందరినీ కలిపి ఒక గుహలోకి తోస్తారు. దాన్ని ఫనెల్ అంటారు, గరాటు. చాలామంది పోతారు, బతికి బయటపడ్డవాళ్లే మొదటి లెవెల్ వీరులవుతారు. అక్కడ బలం 5 ఉన్న రైతు ఎలాగో బయటపడ్డాడంటే బల్ల చుట్టూ చప్పట్లే. వాణ్ని ఎవడూ డ్రాగన్ నోట్లో పెట్టడు.

ఆడించేవాడు: అది బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను. ఎందుకు బాగుంటుందో చూడు. అక్కడ అందరూ కలిసే బలహీనులు. ఒకడు పోయినా నీ చేతిలో ఇంకో ఇద్దరుంటారు. ఆ రాత్రి ఎవరి ఆటా ఆగదు. అంటే సుఖపెట్టింది తక్కువ స్కోరు కాదు, సమానత్వం. ఇక్కడొక మాట సవరించుకుంటాను. నాకు తక్కువ స్కోరుతో గొడవ లేదు, ఎడంతో గొడవ. ఒకడికి 17, 16, 15 పడి, పక్కవాడికి 9, 7, 5 పడటంతో.

ఆడేవాడు: ఎడం లేని జట్టు ఎక్కడుంది? మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్మన్ 1984లో మొదలుపెట్టిన డ్రాగన్‌లాన్స్ నవలలు ఈ ఆటలోంచి పుట్టినవే. దగ్గుతూ, కర్ర ఊతంతో నడిచే రెయిస్ట్‌లిన్ పక్కన కొండంత దేహమున్న కవల అన్న క్యారమన్. ఆ ఎడమే లేకపోతే ఆ అన్నదమ్ముల కథ ఏముంది? మోసేవాడికి మోస్తున్నానన్న గర్వం, మోయించుకునేవాడికి మోయించుకుంటున్నానన్న మంట.

ఆడించేవాడు: నవల్లో బలహీనుడికి రచయిత తోడుంటాడు, అవసరమైనప్పుడు నెగ్గిస్తాడు. బల్ల దగ్గర పాచికకి ఆ దయ లేదు. పైగా క్యారమన్‌కి సొంత శనివారం లేదు. నా దగ్గర ఫైటర్ ఆడేవాడు ఆఫీసులో వారమంతా ఊడిగం చేసి, సెలవు రోజున వీరుడిగా ఉందామని వస్తాడు. ఇక్కడా ఇంకొకణ్ని మోయమంటే వాడి ముఖం చూడాలి నువ్వు. ఇప్పుడు అసలు నన్ను బాధపెట్టే విషయానికొస్తాను. బలం తక్కువైతే సామాను మోయడంతో సరి. తెలివి తక్కువైతే?

ఆడేవాడు: తెలివి తక్కువవాడు ఆటకి ప్రాణం. ఈ ఆటని ఆడి చూపించే క్రిటికల్ రోల్ షోలో ట్రావిస్ విల్లింగ్‌హామ్ ఆడిన గ్రాగ్ తెలివి స్కోరు 6. ఆ షోలోంచే పుట్టి ప్రైమ్ వీడియోలో వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ వాక్స్ మాకినా’ చూసినవాళ్లకి తెలుసు, జనం వాణ్ని ఎంత ప్రేమిస్తారో. మనవాళ్లకి ఇది కొత్తా? పరమానందయ్య శిష్యుల్ని తరతరాలుగా చెప్పుకుని నవ్వుతున్నాం.

ఆడించేవాడు: పరమానందయ్య శిష్యులకి ఊళ్లో ఎవడి పోలికా లేదు, అందుకే హాయిగా నవ్వుతాం. నీ బల్ల దగ్గర కూర్చున్న ఒకరి తమ్ముడు ప్రత్యేక పాఠశాలలో చదువుతుండొచ్చు. నువ్వు తెలివి 5 అని రాసుకుని, నత్తిగా మాట్లాడుతూ, చొంగ కార్చినట్టు నటిస్తూ మూడు గంటలు కూర్చుంటే ఆ మనిషి ఏం చెయ్యాలి? నవ్వాలా? లేచి వెళ్లిపోవాలా? గ్రాగ్ ఆడినవాడు నటన వృత్తిగా ఉన్నవాడు, ఎక్కడ ఆపాలో తెలుసు. శనివారం గుంపులో అందరికీ ఆ కొలత ఉండదు.

ఆడేవాడు: నత్తి, చొంగ – వాటిని నేనూ వెనకేసుకురాను. పైగా అవి తెలివి 5 అంటే ఏమిటో అర్థం చేసుకోని ఆట. ఈ ఆట మనిషిని ఆరు ముక్కలు చేసి కొలుస్తుంది, దానివల్ల ఒక మేలుంది. తెలివి 5 ఉన్నవాడికి వివేకం 15 ఉండొచ్చు. అక్షరం రాదు, రాజుల పేర్లు తెలీవు, లెక్క పదికి మించదు. కానీ ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని అందరికన్నా ముందు వాడికే తెలుస్తుంది. 1978 నిబంధనల్లో తెలివి 5కి దిగితే ఫైటర్ తప్ప ఇంకేమీ కాలేవు, నిజమే. కానీ ఆ తలుపు తెరిచే ఉంచారు. నువ్వు పాయింట్ బైలో 8 దగ్గర గోడ కట్టి, అలాంటి మనిషి కథానాయకుడే కాకూడదని తీర్పిస్తున్నావు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అవమానిస్తున్నట్టు?

ఆడించేవాడు: ...ఇది నేను ఆలోచించాల్సిన మాట. సరే, గౌరవంగానే ఆడావనుకుందాం. అప్పుడు ఇంకో చిక్కు. గుహలో ఒక పొడుపుకథ పెడతాను. జవాబు నీకు తట్టింది, నీ క్యారెక్టర్‌కి తట్టకూడదు. చెబితే షీట్ అబద్ధం. చెప్పకపోతే నలుగురూ అరగంట గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు. కరిజ్మా సంగతైతే మరీ ఘోరం. కరిజ్మా 5 అని రాసుకుని, నోటి ధాటితో కాపలావాణ్ని ఒప్పించేసే ఆటగాళ్లు నాకు తెలుసు. ఆ పక్కనే కరిజ్మా 16 కొనుక్కున్న మొహమాటస్తుడు నోరు పెగలక ఊరుకుంటాడు. లోటు రాసుకున్నవాడు ఖర్చు పెట్టలేదు, ఖర్చు పెట్టినవాడికి సరుకు అందలేదు.

ఆడేవాడు: పొడుపుకథకి దారుంది. జవాబు బల్లకి చెబుతాను, పేరు మాత్రం విజార్డ్‌కి వెళ్లాలంటాను. విజార్డ్ ఆడే అమ్మాయి నోటితోనే అది బయటికొస్తుంది. కరిజ్మా దగ్గర మాత్రం నువ్వు చెప్పింది ముమ్మాటికీ నిజం. తక్కువ రాసుకుని నోటితో నెట్టుకొచ్చేవాడు దొంగ లెక్క రాస్తున్నాడు. వాడితో పాచిక వేయించు. పడిన అంకెలోంచి మూడు తీసేయ్. ఎంత చక్కగా మాట్లాడినా, పాచిక చాలకపోతే కాపలావాడు ఒప్పుకోడు. అంత చేస్తేనే ఆ 5కి మర్యాద.

ఆడించేవాడు: అంటే లోటు తీసుకున్నవాడే దాని ధర చెల్లించాలన్నమాట. అలాగైతే 1986లో స్టీవ్ జాక్సన్ గర్ప్స్ అనే ఆటలో పెట్టిన దారి ఉంది. ఒంటికన్ను, పిరికితనం, అప్పులు – ఏ లోటు తీసుకున్నా దానికి పాయింట్లు తిరిగొస్తాయి, వాటితో ఇంకోచోట బలం కొనుక్కోవచ్చు. ఎవరికీ అన్యాయం లేదు, లోటూ మిగిలుంటుంది.

ఆడేవాడు: లోటుకి జీతమిస్తే లోటు వ్యాపారమవుతుంది. పాయింట్ల కోసం కన్ను పీకేసుకుని, కథలో ఆ కన్ను ఊసే ఎత్తనివాళ్లని నువ్వూ చూసే ఉంటావు. అడగకుండా వచ్చినదానికి మనిషి అలవాటుపడే తీరు వేరు. ఏ లోటు కావాలో ఎంచుకునే అవకాశం బయట ఎవడికుంది? ఆ అనుభవం ఆటలోనైనా దొరకాలంటాను.

ఆడించేవాడు: బయట లేదు కాబట్టే జనం ఆటకొస్తారంటాను నేను. దీని దగ్గర మనం కలవం. నీకు ఆట అంటే, ఏమిచ్చినా దానితో ఏం చేస్తావన్న ప్రశ్న. నాకు ఆట అంటే, అయిదుగురూ సమానంగా కూర్చునే మూడు గంటలు. రెంటినీ ఒకేసారి పూర్తిగా ఇవ్వగల నిబంధన నాకింతవరకూ కనబడలేదు.

ఆడేవాడు: అయితే ఒక్కటి అడుగుతాను. 8 దగ్గర గోడ కట్టకు. పడిన అంకెలతో ఆడతానని తెలిసి తెలిసి ముందుకొచ్చినవాణ్ని ఆపకు. దేహదారుఢ్యం లాంటి ఊపిరి స్కోరు మరీ అడుగంటితే దాన్ని ఇంకో స్కోరుతో మార్చుకోనీ, నాకు అభ్యంతరం లేదు.

ఆడించేవాడు: ఆపను. కానీ ముందుగా వాడి నోటితో మిగతా నలుగుర్నీ అడిగిస్తాను, మీరిది మోస్తారా అని. ఒక్కరు వద్దన్నా మళ్లీ పాచికలు తీయాల్సిందే. ఆట పుట్టి యాభై ఏళ్లయ్యాక 2024లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కూడా ఇంతకన్నా ముందుకి పోలేదు. ముందే ఇచ్చిన అంకెలు, పాచికలు, పాయింట్ల కొనుగోలు – మూడింటినీ పక్కపక్కనే అచ్చేసి, ఏది వాడాలో ఆడేవాళ్లకీ ఆడించేవాళ్లకీ వదిలేసింది.